ఇంటికొక్క కోడి

తెల్లవారబోతోందన్న సంగతిని మనుషులకంటే ముందు కోడికి తెలియజేసిన దేవునికి స్తోత్రం. తన ప్రజల మీద తనకున్న తపనను చెప్పడానికి సింహాన్నీ గద్దనూ పక్కనపెట్టి, రెక్కల కిందికి పిల్లలను పిలుచుకునే పెట్టను పోలికగా ఎంచుకున్న ప్రభువుకు మహిమ. ఉద్యోగమంతా ఆయన నన్ను జనం తిట్ల నుంచి తప్పించలేదు. ఆ తిట్లు మనసులో చేదుగా మిగలకుండా మాత్రం కాపాడాడు. అందుకు ముందుగా వందనాలు చెల్లించి మాట మొదలుపెడుతున్నాను.

నేను శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో ఈ ఉద్యోగంలోకి కొత్తగా చేరిన పిల్లలు కొందరు, "అసలు ఆ పని ఎట్లా ఉంటుంది తాతగారూ?" అని అడుగుతుంటారు. ప్రమోషన్ల సంగతి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కోళ్ల సంగతి ఉంది. అది చెబుతాను.

పని పెరట్లో ఉంటుంది

లోకం ఇంటిని వీధి వైపు నుంచి చూస్తుంది. మనం వెనక వైపు నుంచి చూస్తాం. కుడితి తొట్టి, అంట్లు తోమే చోటు, బావి గట్టు, పెంటదిబ్బ, ఇవే మనకు ఆ ఇంటివాళ్ల గురించి చెబుతాయి. అందుకని మనం వెళితే ఎవరూ సంతోషించరు. పెళ్లివారింటికి వెళ్లినా మన చూపు కాలవ మీదికే పోతుందని మా ఆవిడ జీవితాంతం విసుక్కుంది.

గురజాలలో నాకు పని నేర్పిన పెద్ద ఇన్‌స్పెక్టరు గారు దేవుడి మాటెత్తితే నవ్వే మనిషి. అయినా ఆయన చెప్పిన రెండు ముక్కలు నేను మరిచిపోలేదు. ఒకటి: "పెరట్లోకి పోయేముందు గట్టిగా దగ్గు. ఆడోళ్లు సర్దుకుంటారు. దొంగలాగా పోయావంటే చీపురుకట్ట ఎదురొస్తది." రెండోది ఒక బావి గట్టు మీద నిలబడి చెప్పారు: "కొన్ని ఇళ్లల్లో నీకు మంచినీళ్లు ఇయ్యరబ్బాయ్. ఇచ్చిన ఇంట్లో తాగు. ఇయ్యని ఇంటి బావిలో గూడా మందు సమానంగా ఎయ్."

నేను ఊరి బయటి పల్లె నుంచి వచ్చినవాడిని. ఆ మాట నాకే ఎందుకు చెప్పారో తెలుసు. తరువాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. దానికి సాటి వచ్చినవి తక్కువ.

ఒకటి అనే అంకె

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న సంవత్సరాలవి. నరసరావుపేట నుంచి మాచర్ల పోయే రైలు ఆగే ఊళ్లలో ఒకదానికి నన్ను వేశారు. ఊరి పేరు రాయను. ఒక వేసవిలో అక్కడ కలరా తగిలింది. లోకల్ ఫండ్ ఆసుపత్రిలో ఉన్న డాక్టరు గారు అన్నం, నిద్ర మానుకుని ఊరిని కాపాడారు. ఆయన శైవుల ఇంటి బిడ్డ. నుదుట విభూతి లేకుండా బయటికి వచ్చేవారు కారు. గుడ్డు వాసన తగిలితే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవారు. కోపం చానా ఎక్కువని ఊరంతా అనేది. నిజమే. కానీ ఆ కోపం ఎవరి మీదా సాయంత్రం దాకా నిలిచేది కాదు.

జబ్బు తగ్గాక ఆయన నాతో కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ఎక్కడ చూసినా కోళ్లు మురుగుకాలవ కెలికి, అవే కాళ్లతో వంటింట్లోకి నడుస్తున్నాయి.

"దేవదానం, మనం బావుల్లో మందు వేస్తున్నాం. ఇవి కంచాల్లో మురుగు వేస్తున్నాయి. ఊళ్లో కోడి అన్నది ఉండకూడదు," అన్నారు.

ఆయన చూసినదాంట్లో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. పంచాయతీ బోర్డు మీటింగులో అదే మాట గట్టిగా చెప్పారు. బోర్డు ప్రెసిడెంటు గారికి పందెం పుంజులంటే ప్రాణం.

"కోళ్ల మీద తగువులు మన పల్నాడుకి కొత్తేందండీ డాక్టరు గారా! ఇంకోటి మొదలెట్టమాకండి," అన్నారాయన. మెంబర్లంతా నవ్వారు. ఒకరు ఇంటికి ఐదు ఉండనిద్దామన్నారు. డాక్టరు గారు కుర్చీలోంచి లేచారు. మెంబర్లు మూడన్నారు. ఆయన గొడుగు చేతికి తీసుకున్నారు. చివరికి గొడ్ల సంతలో తువ్వాల కింద వేళ్లు పట్టుకుని బేరం తేల్చుకున్నట్టు, ఇంటికి ఒకటి అని తేల్చారు. అదీ గంప కిందే ఉండాలి. పుంజులను కాళ్లకు తాడేసి కట్టేస్తారు కనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు.

కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆ ఒకటి అనే అంకె ఏ వైద్య పుస్తకంలోనూ లేదు. ఏ ఇంటి అవసరాన్నీ అడిగి పెట్టింది కాదు. బేరంలో పుట్టింది. కోడి ఏం తొక్కుతుందో డాక్టరు గారు బాగా చూశారు. ఆ ఇంట్లో అది ఎందుకుందో చూడలేదు. నేను పనిచేసినంత కాలం మంచి మనసున్న అధికారులు చేసిన పొరపాట్లు ఎక్కువగా ఇటువంటివే.

జలుబు చేసిన బిడ్డ

దండోరా వేశారు. వచ్చే సంత దాకా గడువు. ఆ ఆదివారం ఊరంతా మసాలా వాసనే. చాలా ఇళ్లవాళ్లు ఎటూ పోయేవి కదా అని కోసుకుని తిన్నారు. కోయడానికి మనసొప్పనివాళ్లు దాచారు.

కోడిని దాచడం గొడ్డును దాచడం కంటే కష్టం. గుడ్డు పెట్టగానే ఊరికి చాటుతుంది. అయినా జనం తెలివి ఊరుకోదు. దర్జీ ఒకాయన మిషను కింద గుడ్డపేలికల బుట్టలో పెట్టుకుని, అది నోరెత్తినప్పుడల్లా చక్రం జోరుగా తొక్కేవాడు. నేను అక్కడ ఉన్నంతసేపూ ఆయన కుట్టిన కుట్టు ఏ బట్టకూ పనికివచ్చి ఉండదు.

ఇంకొక ఇంట్లో చీర ఉయ్యాల ఊగుతోంది. ఇల్లాలు జోలపాట పాడుతోంది. ఉయ్యాలలోంచి కొక్కొక్కొమని శబ్దం వచ్చింది.

"బిడ్డకు ఒంట్లో బాగాలేదా తల్లీ?" అని అడిగాను.

"జలుబయ్యా. గొంతు బొంగురు పోయింది," అంది, ఊపు ఆపకుండానే.

"వాము వేసి కాపడం పెట్టమ్మా."

"మీరు పోయినాక పెడతా."

నవ్వు ఆపుకుంటూ బయటికి వచ్చేశాను. మర్నాడు ఆమే గంపలో కోడిని పెట్టుకుని సంతకు పోతూ, "బిడ్డ ఊరికి పోతంది ఇనస్పెట్రు గారూ," అని చెప్పి మరీ వెళ్లింది. బడిత పట్టుకుని చేయించే పని కంటే, తలుపు దగ్గర ఒక పూట ఓపిక పట్టి చేయించే పని ఎక్కువ కాలం నిలుస్తుంది.

మార్తమ్మ ఉంచుకున్న కోడి

రైలు కట్టకు అవతల మా వాళ్ల పల్లె. అక్కడ మా సంఘం, చిన్న ప్రార్థన మందిరం. ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. ప్రతి ఇంటివాళ్లూ ఒక పెట్టను దేవుడి పేరున విడిచిపెట్టేవారు. దాని కాలికి తెల్లగుడ్డ పీలిక కట్టేవారు. అది పెట్టిన గుడ్డు ఇంట్లో ఎవరూ తినరు, అమ్మరు. ఆదివారం మందిరానికి తెచ్చి కానుకగా ఇస్తారు. ఆరాధన ముగిశాక గుడ్లన్నీ పళ్లెంలో పెట్టి వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి.

ఇంటికొక్క కోడి అనగానే పల్లెలో ప్రతి ఇంటికీ ఒక ప్రశ్న వచ్చింది: ఏది ఉంచుకోవాలి? చాలామంది పాస్టరు గారితో మాట్లాడుకుని మామూలు పెట్టను ఉంచుకున్నారు. దేవుడి పెట్టను అమ్మి ఆ డబ్బు సంఘానికి ఇచ్చేశారు. ఉన్న కోడి పెట్టే గుడ్లలో కొన్ని దేవుడికి ఇస్తామన్నారు. పాస్టరు గారు సరేనన్నారు. దేవుడు అలిగిన గుర్తులు నాకేమీ కనబడలేదు.

మార్తమ్మ అలా చేయలేదు. ఆమెకు భర్త లేడు. కొడుకు ఏలియా పెళ్లీడు దాటుతున్న మనిషి. నాపరాళ్ల క్వారీలో పనిచేసేవాడు. ఆ రాతి దుమ్ములో పనిచేస్తుండగానే ఊపిరితిత్తుల్లో క్షయ పట్టుకుంది. నెత్తురు పడేదాకా చెప్పలేదు. ఆ రోగానికి ఈనాడున్న సూదులు అప్పుడు లేవు. మంచి గాలి, విశ్రాంతి, పాలు, రోజూ గుడ్డు, ఇంతే వైద్యం. ఆ మాట చీటీ మీద రాసిచ్చింది మా డాక్టరు గారే. మార్తమ్మకు రెండు పెట్టలుండేవి. నల్లదాని గుడ్లు ఏలియాకు, చుక్కలదాని గుడ్లు దేవుడికి. కొన్ని నెలల్లో ఏలియా బుగ్గలు కొంచెం పూడాయి. చెట్టు నీడ దాకా నడిచి కూర్చుంటున్నాడు.

గడువు దాటాక నేను పల్లెకు వెళ్లాను. అలవాటు ప్రకారం దగ్గి పెరట్లోకి అడుగుపెట్టాను. గంప ఎత్తి చూస్తే కాలికి తెల్ల పీలికతో చుక్కల పెట్ట ఉంది.

"నల్లది ఏదమ్మా?"

"సంతకు పోయింది అయ్యగారూ."

"మరి ఏలియాకు గుడ్డు?"

"ప్రభువు చూసుకుంటాడు."

పక్కింటి అంకమ్మ దడి మీంచి తల పెట్టింది. వాళ్లు రాళ్లు కొట్టే కుటుంబం, పోలేరమ్మకు మొక్కేవాళ్లు. మార్తమ్మను వదినా అని పిలుస్తుంది.

"ప్రభువు చూస్తాడులే వదినా. గుడ్డు పెట్టాల్సింది కోడిగదా! చెప్పండి అయ్యా, ఈమెకు మీరన్నా చెప్పండి. వారం నుంచి పిల్లోడు గంజి తాగతన్నాడు. మేం గుడ్డిస్తే తీసుకోదు. మా పిల్లల నోటికాడిది అంట."

సంతలో గుడ్లన్నీ మిలిటరీ కాంట్రాక్టర్ల గంపల్లోకి పోయే రోజులవి. కొనుక్కుందామన్నా దొరికేవి కావు. నేను మార్తమ్మ పక్కన కూర్చుని, బైబిల్లో ఆకలితో ఉన్న రాజు గుడిలోని పవిత్రమైన రొట్టె తిన్నా దేవుడు తప్పు పట్టలేదని గుర్తుచేశాను. ఆమె నాకంటే బాగా ఎరిగిన కథే అది.

"ఆ రాజు ముందుగా మాటియ్యలేదుగా అయ్యగారూ," అంది. "ఈడికి నెత్తురు పడిన రోజున ఈ పెట్ట కాళ్లు పట్టుకుని చెప్పుకున్నా. నా బిడ్డను బతికించు, ఇది బతికినంత కాలం నీదే అని. ఇయ్యాల గుడ్డు తీసుకుంటే బిడ్డను తిరిగి అడగడా ఆయన?"

నులక మంచం మీద నుంచి ఏలియా నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, "అమ్మ దేవుడితో బేరం పెట్టుకుంది మామా. మజ్జెన నేనిరుక్కున్నా," అన్నాడు.

సంఘం పెద్దలు కూడా ప్రయత్నించారు. తామే వేలంలో గుడ్లు పాడుకుని తెచ్చి ఇస్తామన్నారు. "అది నేను ఇచ్చిందాన్ని మీ చేత్తో నేనే ఎనక్కి తీసుకోడం గాదా?" అంది. పాస్టరు గారు తల పట్టుకున్నారు. ఏలియా మళ్లీ మంచం దిగడం మానేశాడు. మా భక్తిలో ఉన్న బలమూ, చిక్కూ రెండూ ఆ పెరట్లో నాకు ఒక్కచోటే కనిపించాయి. ఆమెను మూర్ఖురాలని అనలేను. కొడుకును కాపాడటానికే కొడుకు నోటి దగ్గరి తిండి ఆపిన తల్లి ఆమె.

గొడుగు, రుమాలు, గుడ్లు

డాక్టరు గారికి చెప్పాను. మొదట కేకలేశారు.

"నేను రాసిన మందు ఆపడానికి ఆమె ఎవరు?"

"మందు ఉండే సీసాను మనమే ఒకటికి తగ్గించాం సార్," అన్నాను.

బోర్డు మళ్లీ కూర్చునేది రెండు మూడు నెలల తరువాత. మార్తమ్మ ఒక్కదానికి మినహాయింపు ఇద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. తన పేషెంటుకని రూలు వంచితే రేపు ప్రెసిడెంటు బావమరిదికి కూడా వంచాలన్నారు. అందులో నిజముంది. రూలును గౌరవించే అధికారిని తేలిగ్గా చూడకండి. అతని రూలు ఎవరికి తగులుతోందో అతనికి చెబుతూ ఉండండి, చాలు.

కాసేపటికి, "మీ వేలంలో ఎవరైనా పాడవచ్చా?" అని అడిగారు.

"ఎవరైనా పాడవచ్చండి."

"బయటివాళ్లు?"

"వచ్చినవాళ్లు లేరు. రావద్దన్నవాళ్లూ లేరు."

ఆదివారం ఉదయం ఆయన రైలు కట్ట దాటి మందిరానికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, విభూతితో, గొడుగుతో వెనక బల్ల మీద కూర్చున్నారు. పాస్టరు గారు కంగారులో ప్రసంగం రెట్టింపు చేశారు. డాక్టరు గారు గడియారం రెండుసార్లు తీసి చూశారుగానీ లేవలేదు.

ఆరాధన అయ్యాక గుడ్ల పళ్లెం బయటికి తెచ్చారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. దేవుడి సొమ్ము తక్కువకు పోకూడదని, కొనే ఉద్దేశం లేనివాళ్లు కూడా కాసేపు పాట పెంచుతారు. యోహాను తాత అనే ముసలాయనకు అది మహా సరదా. డాక్టరు గారు పాడారు. తాత పెంచాడు. ఆయన మళ్లీ పాడారు. తాత మళ్లీ పెంచాడు. మా పద్ధతి తెలియని డాక్టరు గారి ముఖం ఎర్రబడింది.

"ఏమయ్యా పెద్దాయనా, నీకు పళ్లే లేవు, ఇన్ని గుడ్లు ఏం చేసుకుంటావు? అవి నా పేషెంటువి!"

"గుడ్డుకు పళ్లెందుకు దొరా?" అన్నాడు తాత. మందిరం ముందు నవ్వులు చెలరేగాయి. ఎవరో తాత చెవిలో సంగతి చెప్పారు. ఆయన గబగబా వెనక్కి జరిగి, "ఆ ముక్క ముందు చెప్పొద్దటయ్యా! తీసుకోండి దొరా, తీసుకోండి," అన్నాడు.

డాక్టరు గారు డబ్బు పళ్లెంలో పెట్టారు. అప్పుడు వచ్చింది అసలు ఇబ్బంది. జీవితంలో ఆయన గుడ్డును చేత్తో పట్టుకోలేదు. నేను తీసుకోబోతే వారించారు.

"నువ్వు పట్టుకుంటే ఆమె సంఘం గుడ్లు అంటుంది."

రుమాలు పరిచి, ముఖం పక్కకు తిప్పుకుని, ఒక్కొక్కటే అందులో పెట్టుకున్నారు. నిప్పులు మోస్తున్నట్టు చేతులు దూరంగా చాపి నడిచారు. వెనకాల పాస్టరు గారు, నేను, యోహాను తాత, సగం పల్లె.

మార్తమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "అయ్యా, అవి దేవుడియి," అంది.

"కావు. దేవుడివి వేలంలో పోయాయి. ఇవి నేను కొన్నవి, నావి. నా ఆసుపత్రి మందు. మందు తీసుకోనివాడు రేపటి నుంచి నా ఆసుపత్రి గడప తొక్కకూడదు."

ఆమె ఆయన వంక చూడలేదు. పాస్టరు గారిని అడిగింది. "అయ్యగారూ, దేవుడికి ముట్టిందా?"

"ముట్టిందమ్మా. పూర్తిగా ముట్టింది. ఈయన మనవాడు కూడా కాదు. ఇంక నీ మొక్కుకూ ఆ గుడ్లకూ సంబంధం లేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని పక్కకు జరిగింది.

"అట్టయితే తాగరా," అంది కొడుకుతో.

దడి మీంచి అంకమ్మ, "పాలు నేనిస్తా వదినా. దీనికన్నా అడ్డం చెప్పమాక," అంది. గుడ్డు పాలల్లో గిలక్కొట్టి ఇచ్చారు. డాక్టరు గారు ముక్కుకు అడ్డం పెట్టుకోవడానికి రుమాలు వెతికి, అది ఖాళీగా లేదని గుర్తొచ్చి, ఊపిరి బిగపట్టి నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూశారు.

చివరికి

ఆ తరువాత బోర్డు మీటింగులో డాక్టరు గారే లేచి అంకె తీసేయమన్నారు. కోళ్లు ఎన్నున్నా సరే, నేలకు ఎత్తుగా గూడు కట్టాలి, రోజూ ఊడవాలి, వంటింటి వైపు వదలకూడదు. "ముందే ఇట్లా అంటే మా గొడుగు బేరం తప్పేదిగా," అని ప్రెసిడెంటు గారు ఎగతాళి చేశారు. డాక్టరు గారు కూడా నవ్వేశారు. ఆ రూలును జనం పాటించారు. పాటించగలిగిన రూలు కనుక పాటించారు.

కానీ మీటింగు దాకా, ఆ తరువాత కూడా, డాక్టరు గారు ఆదివారాలు మానలేదు. ఆయన మా విశ్వాసంలోకి రాలేదు. శివరాత్రికి కోటప్పకొండ నడిచి వెళ్లేవారు, తిరిగివచ్చి ఆదివారం వెనక బల్ల మీద కూర్చునేవారు. ప్రసంగం సాగితే మాత్రం, "మీ పాస్టరు గారికి కూడా మోతాదు రాసివ్వాలి," అని నా చెవిలో అనేవారు.

ఏలియా నెమ్మదిగా కోలుకున్నాడు. క్వారీకి మళ్లీ పోలేదు, డాక్టరు గారు పోనివ్వలేదు. ఒక ఆదివారం తల్లి చెయ్యి పట్టుకోకుండా మందిరానికి నడిచి వచ్చాడు. ఆరాధన అయింది. పళ్లెం బయటికి వచ్చింది. డాక్టరు గారు ఎప్పటిలాగే మొదటి పాట పాడారు. ఏలియా లేచి నిలబడ్డాడు.

"ఇంక పాడమాకండి డాక్టరు గారూ. నేను బాగున్నా. మా పెట్టలే పెడతన్నాయి."

డాక్టరు గారు కళ్లజోడు సర్దుకుని అతన్ని కిందినుంచి మీదికి చూశారు.

"ఊళ్లో దగ్గేవాడివి నువ్వొక్కడివేనట్రా? కూర్చో. ఆయాసపడతావు," అన్నారు. యోహాను తాత వైపు తిరిగి, "పెంచుతావా లేదా పెద్దాయనా?" అని అడిగారు.

చదివినవారు ఒక్క క్షణం కళ్లు మూసి నాతో కూడా అడగండి: ప్రభువా, రేపు ఎవరి పెరటి తలుపు దగ్గరో నిలబడి దగ్గబోయే ఈ పిల్లలకు మెత్తని మనసివ్వు. రూలు రాసే చేతికి, అది తగిలే ఇంటిని చూపించు. నీకిచ్చిన మాట తప్పలేక కుమిలే తల్లులకు నీ జాలి ఎంతదో తెలియజేయి. నిన్ను మరో పేరుతో పిలుస్తూనే నీ పని చేసి వెళ్లిన ఆ డాక్టరు గారిని నీ రెక్కల కింద ఉంచుకో. ఆమేన్.